కోడ్ వచ్చు, ఇంగ్లిషులో చెప్పడం రాదు: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచే. రాసినవాళ్లలో విద్యార్థులున్నారు, పాఠాలు చెప్పేవాళ్లున్నారు, ఒక తండ్రి ఉన్నారు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి ఉన్నాడు. చాలామంది బాధ ఒక్కటే. ప్రోగ్రామ్ రాయగలిగిన పిల్లలు, రాసిన దాని గురించి ఇంగ్లిషులో నాలుగు ముక్కలు చెప్పలేకపోతున్నారు.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. మొదటి ఏడాది ల్యాబ్‌లో ఉచ్చారణ, జస్ట్ ఎ మినిట్, రోల్ ప్లే. మూడో ఏడాది గ్రూప్ డిస్కషన్, రెజ్యూమె, ఇంటర్వ్యూ. సిలబస్ పూర్తవుతుంది కానీ పిల్లలు బట్టీపట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ దాటి ముందుకు రారు. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) పిల్లలకు ప్రత్యేకంగా ఏమైనా చేయవచ్చా?
— ఒక అధ్యాపకురాలు, కోదాడ

చేయవచ్చు మేడమ్. అదీ సిలబస్ గీత దాటకుండానే. జేఎన్‌టీయూహెచ్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో రెండు భాగాలున్న సంగతి మీకు తెలిసిందే: కంప్యూటర్ ముందు కూర్చుని వినేది ఒకటి, ఎదుటి మనిషితో మాట్లాడేది ఇంకొకటి. ఈ రెండో భాగంలో దేని గురించి మాట్లాడించాలన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. ‘సోషల్ మీడియా మేలా, కీడా’ అని ఇస్తే పిల్లలకు చెప్పడానికి ఏమీ దొరకదు. తెలుగులో అడిగినా రెండు నిమిషాల్లో ఆగిపోతారు. నెపం మాత్రం ఇంగ్లిష్ మీదికి పోతుంది.

వాళ్లు రాసిన ప్రోగ్రామ్‌నే అంశంగా ఇవ్వండి. ఒక ఉదాహరణ చెబుతాను. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన హుజూర్‌నగర్ ప్రాంతపు పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు ఆరబోస్తూ పెరిగినవాళ్లు చాలామంది ఉంటారు. తేమ శాతం తీసుకుని ‘కొనవచ్చు’ అనో ‘ఆరబెట్టాలి’ అనో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాయించండి. అందులో మీరే ఒక తప్పు పెట్టండి: ‘17 లేదా అంతకన్నా తక్కువ’ అని ఉండాల్సిన చోట ‘17 కన్నా తక్కువ’ అని. సరిగ్గా 17 వచ్చిన వడ్లను అది వెనక్కి పంపుతుంది. ఈ మార్పు చేసిపెట్టమని ప్రోగ్రామింగ్ చెప్పే సహోద్యోగిని అడిగితే ఐదు నిమిషాల పని.

ఇప్పుడు క్లాసును జతలుగా విడదీయండి. ఒకరికి తెర మీద ఫలితం మాత్రమే కనిపించాలి, ఇంకొకరికి కోడ్ మాత్రమే. ఒకరి దగ్గరున్నది ఇంకొకరు చూడకూడదు. తప్పెక్కడుందో ఇంగ్లిషులో అడుగుతూ, చెబుతూ పట్టుకోవాలి. మొదట్లో మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. “సిక్స్‌టీన్ ఓకే. ఎయిటీన్ నాట్ ఓకే. సెవెంటీన్?” అంటారు. రానివ్వండి, మధ్యలో వ్యాకరణం దిద్దవద్దు. తప్పు దొరికాక జరిగినదంతా బగ్ రిపోర్టుగా రాయించండి. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్లీ అదే జరగాలంటే ఏం చేయాలి అన్న నాలుగు అంశాలుంటే చాలు. దిద్దుబాటు ఆ కాగితం మీద చేయండి.

ఇది నా సొంత ఆలోచన కాదు. 1979లో ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా మొదలుపెట్టిన ప్రయోగంలో మామూలు పాఠశాలల పిల్లలకు వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి మ్యాపులు, రైళ్ల టైంటేబుళ్లు ఇచ్చారు. వాటిలోంచి సమాధానం తేల్చే పనిలో ఇంగ్లిష్ దానంతట అదే పట్టుబడుతుందన్నది ఆయన నమ్మకం. 1987లో వచ్చిన ఆయన పుస్తకాన్ని భాషా బోధన చదివేవాళ్లు ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతారు. ఆయన పనులను మూడు రకాలుగా విడదీశారు: ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరికి చేరవేసేవి, అభిప్రాయం చెప్పేవి, ఉన్న సమాచారం నుంచి ఆలోచించి కొత్త విషయం తేల్చేవి. మూడో రకంతోనే ఫలితం బాగుందన్నారు. ప్రోగ్రామింగ్ విద్యార్థి తప్పులు వెతికి సరిచేసే డీబగ్గింగ్ పేరుతో రోజూ చేసేది సరిగ్గా ఆ మూడో రకం పనే. మన గ్రూప్ డిస్కషన్లు నడిచేది రెండో రకంలో. ఇంత మంచి ముడిసరుకు పక్క ల్యాబ్‌లోనే ఉండగా మనం వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రభు పద్ధతిలో ఇంకో సంగతి మీకు ఉపయోగపడుతుంది. ముందు అలాంటిదే ఒక సమస్యను టీచరు క్లాసందరితో కలిసి పైకి మాట్లాడుతూ పరిష్కరిస్తారు. ఆ తర్వాతే పిల్లలు సొంతంగా దిగుతారు. కావలసిన మాటలన్నీ అప్పటికే ఒకసారి చెవిన పడి ఉంటాయి. మీరు కూడా మొదటి బగ్‌ను బోర్డు దగ్గర నిలబడి, మీ గొంతుతోనే పట్టుకోండి. ప్రోగ్రామింగ్ మీకు అంతగా రాకపోతే మరీ మంచిది. మీరు నిజంగా అడుగుతారు, వాళ్లు నిజంగా చెప్పాల్సి వస్తుంది.

బగ్ రిపోర్టుల విషయంలో సైమన్ టాథమ్ 1999లో రాసిన వ్యాసం ఒకటి క్లాసులో చదివించదగ్గది. ‘పుట్టీ’ అనే ప్రోగ్రామ్ ఆయనదే. కళ్లతో చూసినదాన్ని, నువ్వు ఊహించిన కారణాన్ని కలిపేయవద్దని, తెర మీద వచ్చిన ఎర్రర్ సందేశాన్ని ఉన్నదున్నట్టు రాయమని అందులో పదే పదే చెబుతారు. ‘పనిచేయడం లేదు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే అలవాటు పిల్లలకు దానితో పోతుంది.

బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జావా బాగా వచ్చు సార్. కానీ మొన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు గురించి చెప్పమంటే ఒక్క వాక్యం కూడా రాలేదు. ఆ ప్రాజెక్టు మొత్తం నేనే చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను.
— ఒక విద్యార్థిని, హుజూర్‌నగర్

అమ్మా, ప్రాజెక్టు మొత్తం నేనే చేశానన్న వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. సగం పని మీరు అప్పటికే పూర్తి చేశారు. మిగిలింది నేర్చుకోగలిగినదే.

ఒక పరీక్ష పెట్టుకోండి. మీ ప్రాజెక్టు గురించి కంప్యూటర్ ముట్టుకోని ఇంటి మనిషికి, అమ్మకో నానమ్మకో, మూడు నిమిషాలు తెలుగులో చెప్పండి. అది ఎవరికి పనికొస్తుంది, అది లేకపోతే ఏ ఇబ్బంది, మీరు చేసిన ముఖ్యమైన పని ఏమిటి. ఇక్కడే తడబడితే మీకు అడ్డం వస్తున్నది ఇంగ్లిష్ కాదు. ఏది ముందు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. తెలుగులో సాఫీగా వచ్చేదాకా ఇంగ్లిష్ జోలికి పోకండి. తర్వాత ఆ మూడు నిమిషాలనే ఇంగ్లిషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కాగితం చూసి చదవవద్దు. మాట దొరకని చోట తెలుగు మాటే వేసి ముందుకు పోండి. తర్వాత విని, తెలుగు మాటలు దొర్లిన చోట్లకు మాత్రమే ఇంగ్లిష్ మాటలు వెతకండి. అలా వెతుక్కున్న మాట గుర్తుంటుంది. వంద మాటల పట్టికలో చూసింది ఉండదు.

ఇంటర్వ్యూలో తల్లకిందులయ్యే ఇంకో చోటుంది. మనం జరిగిన వరసలో కథ మొదటి నుంచి చెప్పుకొస్తాం: సెకండియర్‌లో సార్ ఈ టాపిక్ ఇచ్చారు, ముగ్గురం కలిశాం, తర్వాత ఒకరు మానేశారు. వినేవాళ్లకు కావలసింది చివర ఉంటుంది, మనం అక్కడిదాకా వెళ్లేలోపు గొంతు ఆరిపోతుంది. మొదటి వాక్యంలోనే ప్రాజెక్టు ఏం చేస్తుందో చెప్పేయండి. “మై ప్రాజెక్ట్ హెల్ప్స్ ఎ స్మాల్ షాప్ కీప్ ట్రాక్ ఆఫ్ ఇట్స్ స్టాక్.” ఇంత చిన్న వాక్యం చాలు. ఇది వచ్చిందంటే తర్వాతి ప్రశ్న వాళ్లే వేస్తారు, ఇక మీరు చేయాల్సింది తెలిసిన జవాబు చెప్పడమే.

ఉచ్చారణ గురించి దిగులు పెట్టుకోకండి, ఒక్క విషయంలో తప్ప. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిషులో ఒక అక్షరాన్ని ఒత్తి, మిగతావి తేలిగ్గా వదిలేస్తారు. ‘డెవలప్’లో ‘వె’ మీద, ‘కంపోనెంట్’లో ‘పో’ మీద, ‘పెరామీటర్’లో ‘రా’ మీద, ‘ఆల్గరిదమ్’లో మొదటి అక్షరం మీద ఒత్తు పడాలి. మీరు రోజూ వాడే సాంకేతిక పదాలు ఒక యాభై దాకా ఇలా సరిచూసుకోండి. అమెరికా యాస తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లండ్‌లో స్వీడిష్ మాట్లాడే ఇంట్లో పుట్టారు. 1991 ఆగస్టులో తన పని గురించి ఆయన లోకానికి చెప్పుకున్నది ఇంగ్లిషులో, తనకూ మాతృభాష కాని భాషలోనే. ప్రోగ్రామింగ్ లోకంలో ఇంగ్లిష్ నేర్చుకుని వాడేవాళ్లు కోకొల్లలు. మీరూ వాళ్లలో ఒకరు.

నమస్తే సార్. మాది గరిడేపల్లి మండలం, వరి చేస్తం. మా బిడ్డ బీటెక్ మూడో ఏడు. చదువుల మంచిగనే ఉన్నది కని ఇంగ్లీషుల మాట్లాడుమంటే నోరు తెరువది. అమీర్‌పేటల మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పిస్తరంట. హాస్టలు ఖర్చుతోటి శానా అయితది. అప్పు జేసి పంపాల్నా?
— ఒక తండ్రి

అప్పు చేయకండి అన్నా. అమీర్‌పేటలో మంచిగా చెప్పేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అక్కడి స్పోకెన్ ఇంగ్లిష్ అన్ని రకాల మనుషుల కోసం పెట్టినది. హోటల్‌లో ఎట్లా మాట్లాడాలి, బ్యాంకులో ఎట్లా అడగాలి అని చెబుతారు. మీ బిడ్డకు ఇప్పుడు కావలసింది తను చేసిన పని గురించి చెప్పడం. అది తన కాలేజీలో, తన తోటివాళ్ల మధ్యనే వస్తుంది. తన కాలేజీ ‘టాస్క్’లో నమోదై ఉందేమో కనుక్కోమనండి. తెలంగాణ ప్రభుత్వం 2014లో పెట్టిన సంస్థ అది. నమోదైన కాలేజీల పిల్లలకు ఉద్యోగానికి కావలసిన శిక్షణ ఇస్తుంది, మాట్లాడే నేర్పు కూడా అందులో ఉంటుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. సెలవులకు వచ్చినప్పుడు, “బిడ్డా, నువ్వు చేసే ప్రోగ్రామ్ ఏందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు” అని అడగండి. అర్థం కాని దగ్గర ఆపి మళ్లా అడగండి. నోరు తెరవదని మాత్రం నలుగురిలో అనకండి. ఆడపిల్లకు ఆ మాట ఎన్నేళ్లయినా మనసులో గుచ్చుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. కోడ్‌కి పేరొచ్చింది. రోజూ సాయంత్రం అమెరికా క్లయింట్‌తో కాల్ ఉంటుంది. నేను ఒకటి చెబితే వాళ్లకు ఇంకోటి అర్థమవుతోంది. ఒకసారి పరీక్షించని కోడ్‌ను పరీక్షించానని చెప్పినట్టు అనుకున్నారు. నేను అబద్ధం చెప్పలేదు సార్.
— ఒక యువకుడు (సొంతూరు మఠంపల్లి)

మీరు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. ఏం జరిగి ఉంటుందో కూడా చెబుతాను. ఆయన “డిడింట్ యు టెస్ట్ ఇట్?” అని అడిగి ఉంటారు. మీరు “యెస్ సర్” అని ఉంటారు. తెలుగులో ‘నువ్వు పరీక్షించలేదా?’ అంటే, పరీక్షించకపోతే ‘అవును, లేదు’ అంటాం. ఎదుటివాళ్లు అన్నమాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లిషులో ‘యెస్’ అంటే పరీక్షించినట్టే. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసిన తెలుగువాళ్లు కూడా ఏళ్ల తరబడి ఇక్కడ దొరికిపోతుంటారు. మందు ఒకటే. కాదన్న అర్థంతో ప్రశ్న వచ్చినప్పుడు యెస్, నో రెండూ మానేసి పూర్తి వాక్యం చెప్పండి: “ఐ హ్యావ్ నాట్ టెస్టెడ్ ఇట్ యెట్.” వెంటనే ఎప్పుడు పరీక్షిస్తారో కూడా చెప్పండి.

అన్నట్టు, ఆ ఎప్పుడు అన్నదాంట్లోనూ మనకు చిక్కుంది. పైవాళ్లు అడిగితే కాదనడానికి మనసు రాదు. అవుతుందో లేదో తెలియకపోయినా ‘అట్లనే సార్, ఇవాళ అయిపోతది’ అంటాం. మన మధ్య దాని అర్థం ‘నా ప్రయత్నం నేను చేస్తాను’ అని. అక్కడ వినేవాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టు రాసుకుంటారు. తెలియనప్పుడు, ఎప్పటికి తెలుస్తుందో చెప్పండి. “రేపు మీ ఉదయం పదింటికల్లా ఎంత సమయం పడుతుందో చెబుతాను” అన్నది మర్యాదైన జవాబే, వాళ్లకు పనికొచ్చేదీ అదే.

తేదీలు, గంటలు, అంకెల దగ్గర కూడా జాగ్రత్త. 04/07 అని రాస్తే మీకు జులై నాలుగు, వాళ్లకు ఏప్రిల్ ఏడు. నెల పేరు అక్షరాల్లో రాయండి, లేదా ఏడాది, నెల, రోజు వరసలో పెట్టండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు మారతాయి, కాబట్టి ఆ వారాల్లో మీటింగ్ వేళ మళ్లీ అడిగి తెలుసుకోండి. లక్షలు, కోట్లు నోట రానివ్వకండి. పది లక్షలు ఒక మిలియన్. ఫోన్‌లో అక్షరాలు చెప్పేటప్పుడు మన ‘యమ్’, ‘యన్’ వాళ్లకు ఒకేలా వినిపిస్తాయి, మైక్, నవంబర్ అని గుర్తు మాట జోడించండి.

కాల్ అయ్యాక ఐదు వాక్యాల మెయిల్ పెట్టడం అలవాటు చేసుకోండి. ఏం అనుకున్నాం, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, అంతే. నోటిమాటలో పొరపాటు జరిగినా మర్నాటికల్లా అది బయటపడుతుంది.

నేను సీ, పైథాన్ చెబుతాను. ఇంగ్లిష్ నేర్పడం నా పని కాదు కదా? సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదు.
— ఒక అధ్యాపకుడు, మిర్యాలగూడ

వ్యాకరణం నేర్పడం మీ పని కాదు సార్. కానీ రికార్డులో ప్రోగ్రామ్‌తో పాటు అది ఏం చేస్తుందో పిల్లలు సొంత మాటల్లో మూడు వాక్యాలు రాయకపోతే మార్కు తగ్గించడం మీ చేతిలోనే ఉంది, ఇంగ్లిష్ మేడమ్ చేతిలో లేదు. ఇంకొకరి రికార్డు చూసి దింపేసిన కోడ్‌కి మూడు సొంత వాక్యాలు రావు. ఎవరికి నిజంగా వచ్చో అక్కడే తెలిసిపోతుంది. గిట్ నేర్పుతుంటే ఏం మార్చారో చెప్పే కమిట్ సందేశానికి కూడా మార్కు పెట్టండి. ‘చేంజెస్’, ‘ఫైనల్’, ‘ఫైనల్ టూ’ అని రాసే పిల్లలు, ‘తేమ సరిగ్గా 17 ఉన్నప్పుడు వచ్చే తప్పు సరిచేయడం’ అన్నంత స్పష్టంగా ఇంగ్లిషులో ఒక్క వాక్యం రాస్తే చాలు.

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి తెలిసే ఉంటుంది. యుకిహిరో మత్సుమోతో దాన్ని జపాన్‌లో 1995లో విడుదల చేశారు. మంచి భాషే అయినా దాని గురించిన రాతలు చాలావరకు జపనీస్‌లో ఉండటంతో బయటివాళ్లకు అంతగా అందలేదు. 2000లో ఇంగ్లిషులో పుస్తకం వచ్చాకే అది దేశాలు దాటింది. మీ విద్యార్థి రాసిన మంచి ప్రోగ్రామ్‌కు దాన్ని ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ లేకపోతే జరిగేదీ అదే.

చాట్‌జీపీటీ మెయిల్ రాసిపెడుతోంది, బగ్ రిపోర్టు రాసిపెడుతోంది. ఇక నేర్చుకోవడం దేనికి?
— బీటెక్ విద్యార్థి, సూర్యాపేట

మీ పక్క సీట్లో మనిషి తిరిగి చూసి “అలా ఎందుకు చేశావ్?” అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే. చాట్‌జీపీటీ రాసిన మెయిల్ సరిగ్గా ఉందో లేదో తెలియకుండా పంపితే, అందులోని తప్పు మీ పేరు మీద వెళ్తుంది. వాడుకోండి, కానీ వరస మార్చండి. ముందు మీరు రాయండి, తర్వాత దానికి చూపించి ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో అడగండి. ఆ మార్పుల్లో ఒకదాన్ని మర్నాడు మీ రాతలో వాడండి. ఉద్యోగంలో చేరాక కంపెనీ కోడ్ గానీ క్లయింట్ వివరాలు గానీ అనుమతి లేకుండా అందులో పెట్టకండి.

ఇంగ్లిష్ అందరికీ వస్తుంది, జపనీసో జర్మనో నేర్చుకుంటే ఉద్యోగం తొందరగా వస్తుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
— సీఎస్‌ఈ రెండో సంవత్సరం, హుజూర్‌నగర్

తొందరగా అనుకుంటే నిరాశే. రెండేళ్లు ఓపిక పడతానంటే మంచి ఆలోచన. జపనీస్‌లో తెలుగువాళ్లకు ఒక అనుకూలత ఉంది. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తుల్లాంటివి మాట వెనక చేరతాయి. వాక్యం కట్టే పద్ధతి మనకు కొత్తగా తోచదు. కష్టమంతా లిపిలో ఉంది. జపాన్ ప్రభుత్వం నిత్య వాడుక కోసం ప్రకటించిన కాంజీ అక్షరాలే 2,136. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్5 అన్నింటికన్నా తేలిక, ఎన్1 అన్నింటికన్నా కష్టం. ఎన్5 సర్టిఫికెట్ చూసి ఆఫీసు పని అప్పగించరు. జపనీస్‌లో మీటింగులు నడవాలంటే ఎన్2 స్థాయి కావాలి. జపాన్ సహకారం అందుకున్న ఐఐటీ హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్తున్న పిల్లల్ని చూసి మీ సీనియర్లు అలా అని ఉంటారు.

జర్మనీకి ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు ఇంగ్లిషులో నడిచే కోర్సులు దొరుకుతాయి, కాబట్టి జర్మన్ అక్కర్లేదనుకుంటారు. చదువైపోయాక ఉద్యోగం వెతికేటప్పుడు, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మధ్యస్థమైన బీ1 స్థాయి జర్మన్ ఎంత అవసరమో తెలిసొస్తుంది.

హైదరాబాద్‌లో నేర్చుకోవాలంటే ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది, దోమలగూడలో రామకృష్ణ మఠం వారి వివేకానంద భాషా సంస్థ ఉంది. చేరేముందు ఒక్కటి చూసుకోండి. ఇప్పటికి మీరు రాసిన ఏదైనా ఒక ప్రోగ్రామ్‌కు ఇంగ్లిషులో ఒక పేజీ రీడ్‌మీ రాసి, సీఎస్‌ఈ కాని స్నేహితుడికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా దాన్ని నడిపించమనండి. అతను మీకు ఫోన్ చేయకుండా నడిపించగలిగితే వెళ్లి జపనీస్‌లో చేరండి. ఫోన్ చేస్తే, ఎక్కడ ఆగాడో అడిగి ఆ పేజీ మళ్లీ రాయండి.